ఒంటరి బేరం, ఉమ్మడి బేరం: నికోబార్ పెద్దాయన రిచర్డ్‌సన్ జీవితం

1952లో తొలి లోక్‌సభ కొలువుదీరినప్పుడు అండమాన్ నికోబార్ దీవుల తరఫున ఒక సభ్యుడు ఢిల్లీ వచ్చారు. ఆయన ఎన్నికల్లో గెలిచి రాలేదు. ఆ దీవుల్లో లోక్‌సభ ఎన్నిక మొదటిసారి జరిగింది 1967లో. రాష్ట్రపతి నామినేట్ చేస్తే వచ్చిన ఆ సభ్యుడికి అప్పటికే 68 ఏళ్లు. పేరు జాన్ రిచర్డ్‌సన్. పుట్టినప్పుడు పెట్టిన పేరు హా-చెవ్-కా. ఊరు కార్ నికోబార్ దీవిలోని ముస్.

చరిత్ర పుస్తకాల్లో ఆయన గురించి రాసేటప్పుడు బిషప్ అని, బైబిల్ అనువాదకుడని, పద్మ పురస్కారాల గ్రహీత అని రాస్తారు. అవన్నీ నిజమే. కానీ ఆయన జీవితాన్ని ఇంకో వైపు నుంచి కూడా చదవొచ్చు. కొబ్బరికాయే డబ్బుగా చెలామణి అయిన ఒక చిన్న సమాజం, లెక్కలు రాసుకోవడం తెలిసిన వర్తకుల ముందు ఎలా నిలబడింది? ఒక్కొక్కరుగా బేరమాడితే ఓడిపోయేవాళ్లు కలిసి బేరమాడితే ఎందుకు గెలవగలరు? అలా కలిసి ఉండడం ఎందుకంత కష్టం? సరిగ్గా ఈ ప్రశ్నల చుట్టూనే ఇరవయ్యో శతాబ్దంలో గేమ్ థియరీ అనే శాస్త్రం పెరిగింది. రిచర్డ్‌సన్ ఆ శాస్త్రం చదివిన మనిషి కాదు. ఆ శాస్త్రం చెప్పే చిక్కుముళ్ల మధ్య తొంభై ఏళ్లకు పైగా బతికిన మనిషి.

కొబ్బరి దీవి

పోర్ట్ బ్లెయిర్‌కు దక్షిణంగా సుమారు 270 కిలోమీటర్ల దూరంలో ఉంది కార్ నికోబార్. విస్తీర్ణం 127 చదరపు కిలోమీటర్లు. కొండలు లేని పగడపు నేల. ఎటు చూసినా కొబ్బరి చెట్లే. 1901 నాటి జనాభా లెక్కల్లో ఈ దీవి జనం సుమారు మూడున్నర వేలు. 1869 నుంచి నికోబార్ దీవులన్నీ బ్రిటిష్ పాలనలో ఉన్నాయి. అంతకు ముందు డేనిష్ వాళ్లు, కొంతకాలం ఆస్ట్రియన్లు ప్రయత్నించి వదిలేసిన దీవులివి.

1884లో హా-చెవ్-కా పుట్టేనాటికి అక్కడి జీవితం తుహెత్ అనే ఉమ్మడి కుటుంబం చుట్టూ తిరిగేది. భూమి తుహెత్‌ది. పెద్ద పడవ తుహెత్‌ది. విందు పెట్టినా, ఇల్లు కట్టినా, చనిపోయినవారికి కర్మలు చేసినా ఖర్చూ చాకిరీ తుహెత్ అంతా పంచుకునేది. పందుల పెంపకం పెద్ద వ్యవహారం. ఆ పందులకు మేత కూడా కొబ్బరే.

ఇలాంటి చోట ఎవరూ ఎవరినీ మోసం చేయరని కాదు. చేస్తే దాచుకోవడం కష్టం. ఈరోజు పడవ లాగడానికి రానివాడికి రేపు ఇల్లు కప్పుకునేటప్పుడు సాయం దొరకదు. ఈ ఏడు విందులో తిని, వచ్చే ఏడు పెట్టనివాడి పేరు దీవంతా తెలిసిపోతుంది. గేమ్ థియరీలో దీన్ని పదేపదే ఆడే ఆట అంటారు. ఒక్కసారితో తెగిపోయే వ్యవహారంలో ఎదుటివాణ్ని ముంచడమే లాభంగా కనిపిస్తుంది. అదే మనుషులు ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ ఎదురుపడే చోట, ఈరోజు ముంచి సంపాదించేదానికంటే రేపు పోగొట్టుకునేదే ఎక్కువ. 1980ల్లో అమెరికా రాజకీయ శాస్త్రవేత్త రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ కంప్యూటర్ ప్రోగ్రాములకు పోటీలు పెట్టి తేల్చిన సంగతి దాదాపు ఇదే. మంచికి మంచి, చెడుకు చెడు, మారితే మళ్లీ మంచి అనే సాదాసీదా పద్ధతే ఆ పోటీల్లో నెగ్గింది. తుహెత్‌కు ఆ సంగతి ముందే తెలుసు.

రాతలేని అప్పు

చిక్కు దీవి లోపల లేదు. ఓడల్లో వచ్చేది.

బర్మా, మలయా, చైనా, భారత తీరాల నుంచి వర్తకులు కొబ్బరి కోసం వచ్చేవారు. గుడ్డ, ఇనుప కత్తులు, బియ్యం, పొగాకు తెచ్చి కాయలు పట్టుకెళ్లేవారు. ప్రతి వస్తువుకూ ధర కొబ్బరికాయల్లోనే. నికోబారీలు కాయలను జంటలుగా, ఇరవైలుగా లెక్కపెట్టేవారు. లెక్క గుర్తుకోసం బద్దల మీద గాట్లు పెట్టుకునేవారు. వర్తకుడి దగ్గర మాత్రం ఖాతా పుస్తకం ఉండేది.

వ్యాపారం ఎక్కువగా అడ్వాన్సు మీద నడిచేది. సరుకు ముందు ఇచ్చేవారు, కాయలు తర్వాత తీసుకునేవారు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ గురించి తెలిసిన కోనసీమ రైతుకు ఈ పద్ధతి గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. దింపు కాకముందే దళారి దగ్గర డబ్బు తీసుకున్నవాడు కాయ ధరను తాను చెప్పలేడు.

ఇక్కడ గేమ్ థియరీ ఒక ముఖ్యమైన సంగతి చెబుతుంది. 1950లో జాన్ నాష్ అనే యువ గణిత శాస్త్రవేత్త బేరసారాల గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. అందులోని సారాన్ని మామూలు మాటల్లో చెప్పాలంటే, బేరం ఎక్కడ కుదురుతుందన్నది బేరం చెడితే ఎవరికి ఏం మిగులుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. చెడినా ఇల్లు గడిచేవాడే బేరంలో గట్టివాడు.

ఈ లెక్కన చూస్తే నికోబారీల దగ్గర మంచి వెనకదన్నే ఉంది. వర్తకుడు తక్కువ ధర చెబితే కాయలు అమ్మకుండా తాగొచ్చు, తినొచ్చు, పందులకు వేయొచ్చు. సముద్రంలో చేప ఉంది, తోటలో కంద ఉంది. గుడ్డ లేకపోయినా ఏడాది గడుస్తుంది. వర్తకుడి సంగతి అలా కాదు. ఖాళీ ఓడతో తిరిగి వెళ్తే దారి ఖర్చు కూడా రాదు. న్యాయంగా అయితే బేరం దీవివాళ్ల వైపు మొగ్గాలి.

దాన్ని తిప్పేసింది అప్పే. ఒకసారి సరుకు ముందుగా తీసుకున్నాక ఆ కుటుంబం కాయలు ఇంకొకరికి అమ్మే వీల్లేదు. పందులకు వేసుకునే వీలూ తగ్గిపోతుంది. వెనకదన్ను పోయింది. పైగా ఎంత బాకీ ఉందో చెప్పేది అవతలివాడి పుస్తకం. ఒక్కో కుటుంబం విడివిడిగా అప్పులో దిగినప్పుడు ఒకరికి ఏ ధర పడిందో ఇంకొకరికి తెలియదు.

వర్తకుల వైపు కూడా ఒక చిక్కు ఉంది. అందరూ కూడబలుక్కుని ధర తక్కువగా ఉంచితే అందరికీ లాభం. కానీ ఒకడు రహస్యంగా ఒక పిడికెడు పొగాకు ఎక్కువ ఇస్తే కాయలన్నీ వాడికే వస్తాయి. అందుకే కొనేవాళ్లు ఎక్కువమంది ఉన్నచోట వాళ్ల కట్టు నిలవదు. అది అమ్మేవాడికి మేలు. అంటే సహకారం అన్నివేళలా మంచిదీ కాదు, పోటీ అన్నివేళలా చెడ్డదీ కాదు. ఎవరి మధ్య సహకారం, ఎవరి మధ్య పోటీ అన్నదే అసలు ప్రశ్న. రైతులు కలిసి, కొనేవాళ్లు పోటీ పడితే ఒక ధర. రైతులు విడిపోయి, కొనేవాళ్లు కలిస్తే ఇంకో ధర. కాయ మాత్రం అదే.

చౌరా కుండలు

నికోబార్ దీవుల్లో ఒకరి మీద ఒకరు ఆధారపడే వ్యాపారం బయటివాళ్లు రాకముందూ ఉంది. దానికి కేంద్రం చౌరా అనే బుల్లి దీవి. కార్ నికోబార్‌కు దక్షిణాన, తెరచాప పడవల మీద సముద్రం దాటి వెళ్లాల్సిన చోటు. నికోబార్ దీవులన్నిటికీ మట్టి కుండలు చేసేది చౌరా ఆడవాళ్లే. విచిత్రం ఏమిటంటే మట్టి ఆ దీవిలో దొరకదు. పక్కనున్న తెరెస్సా నుంచి తెచ్చుకునేవారు. మట్టి ఉన్న దీవి కుండ చేయదు, మట్టి లేని దీవి చేస్తుంది.

దీన్ని కాపాడింది ఒక నమ్మకం. చౌరా వాళ్లు కాక ఇంకెవరైనా కుండ చేస్తే కీడు జరుగుతుందని అన్ని దీవులూ నమ్మేవి. దక్షిణ దీవుల్లో చెక్కిన పెద్ద పడవలు కూడా చౌరా చేతుల మీదుగానే కార్ నికోబార్‌కు చేరేవి. కార్ నికోబార్ వాళ్లు వర్తకుల దగ్గర సంపాదించిన గుడ్డ, ఇనుము వంటివి తీసుకుని పడవలు కట్టుకుని చౌరాకు వెళ్లేవారు. కుర్రవాడికి తొలి చౌరా ప్రయాణం ఒక మైలురాయి.

ఆర్థిక శాస్త్రవేత్త దీన్ని గుత్తాధిపత్యం అంటాడు. ఆ మాట తప్పు కాదు, అలాగని అంతటితో సరిపోదు. చౌరా చిన్నది, భూమి తక్కువ, కొబ్బరి తక్కువ. కుండల పని కూడా పోతే ఆ దీవికి బతుకు లేదు. ఆ నమ్మకం వల్ల ఒక బీద దీవికి బతుకుదెరువు నిలిచింది. మిగతా దీవులు ఏటేటా ఒకరి ముఖం ఒకరు చూసుకోవాల్సి వచ్చింది. పోలీసు, కోర్టు లేని చోట ఒప్పందాన్ని నిలబెట్టేది ఇలాంటి ఉమ్మడి నమ్మకాలే. అందరూ పాటిస్తారని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ తప్పరు.

అయితే ఇలాంటి కట్టుకు ఒక బలహీనత ఉంది. బయటి నుంచి ఇనుప గిన్నె, అల్యూమినియం కుండ వస్తే దానికి ఆ నమ్మకం వర్తించదు. ఓడలో వచ్చే వర్తకుడు దీవి ఆటలో పుట్టినవాడు కాదు. అతని లెక్కలు వేరే రేవులో ఉంటాయి. కొత్త ఆట వచ్చినప్పుడు పాత నియమాలు సరిపోవు. కొత్త నియమాలు తెలిసిన మనిషి ఒకరు కావాలి.

మాండలే నుంచి వచ్చిన కుర్రాడు

1890ల్లో వేదప్పన్ సాలమన్ అనే తమిళ ఉపదేశకుడు ముస్ వచ్చారు. ఆయనది రెండు రకాల పని. ఒకవైపు మిషన్ బడి నడిపేవారు. ఇంకోవైపు ప్రభుత్వ ఏజెంటుగా వర్తకుల లైసెన్సుల వ్యవహారం, తగాదాలు చూసేవారు. హా-చెవ్-కా ఆయన బడి పిల్లవాడు. జాన్ రిచర్డ్‌సన్ అయ్యింది అక్కడే. చురుకైన కుర్రవాడని గుర్తించి పై చదువుకు బర్మాలోని మాండలే మిషన్ స్కూలుకు పంపారు.

1912లో తిరిగి వచ్చేనాటికి రిచర్డ్‌సన్‌కు బర్మీస్, హిందుస్తానీ, ఇంగ్లిష్ వచ్చు. అంటే ఓడలో వచ్చిన వర్తకుడు ఏ భాషలో మాట్లాడినా అర్థమవుతుంది. ఆయన ఇష్టపడితే బర్మాలోనే ఉద్యోగం చూసుకుని స్థిరపడొచ్చు. ముస్ బడిలో పంతులుగా చేరారు.

తర్వాతి మూడు దశాబ్దాలు పైకి చూస్తే పెద్ద విశేషాలు లేనివి. పిల్లలకు అక్షరాలు, లెక్కలు చెప్పారు. కార్ నికోబారీ భాషను రోమన్ లిపిలో రాసే పద్ధతిని నిలబెట్టారు. ఆ భాషలోకి బైబిల్ అనువాదం మొదలుపెట్టారు. ఊరూరా తిరిగారు. దీవికి ఫుట్‌బాల్ తెచ్చారు. 1934లో గురువుగా అభిషిక్తులయ్యారు.

బడి పెట్టింది వర్తకుల మీద పోరాటానికి కాదు. మత బోధ దాని ప్రధాన ఉద్దేశం. కానీ ఇరవైల లెక్కను కాగితం మీద రాయగలిగిన కుర్రవాడు ఇంట్లో ఉంటే వర్తకుడి పుస్తకం ఒక్కటే సాక్ష్యంగా ఉండదు. గేమ్ థియరీ తన సూత్రాలన్నిటికీ ముందు ఒక సంగతి అడుగుతుంది. ఆటగాళ్లలో ఎవరికి ఏం తెలుసు? ఒకరికి అన్నీ తెలిసి, ఇంకొకరికి ఏమీ తెలియకపోతే, నియమాలు ఎంత న్యాయంగా ఉన్నా ఫలితం ఒకవైపే ఉంటుంది. తెలివితేటల్లో తేడా లేకపోయినా సమాచారంలో తేడా ఉంటే చాలు. రిచర్డ్‌సన్ బడి ఆ తేడాను తగ్గించింది.

ఇంకో మార్పు అంత తేలిగ్గా కనిపించదు. తుహెత్‌ల మధ్య, ఊళ్ల మధ్య పోటీ ఉండేది. పడవ పందేలు ఉండేవి. విందుల్లో ఎవరిది ఎంత ఘనం అన్న పట్టింపు ఉండేది. బడి, ప్రార్థన, ఫుట్‌బాల్ ఊళ్లన్నిటినీ ఒకేచోట కలిపే సందర్భాలయ్యాయి. పోటీ పోలేదు, మైదానంలోకి మారింది. తుహెత్ అనే గుండ్రటి గీత చుట్టూ దీవి అనే పెద్ద గీత ఏర్పడసాగింది. ఉమ్మడి బేరానికి కావాల్సింది అదే. కలవాల్సినవాళ్లు తామంతా ఒకవైపు ఉన్నామని ముందు అనుకోవాలి.

సిద్ధాంతం ఆగిపోయే చోటు

1942లో జపాన్ సైన్యం దీవులను ఆక్రమించింది. కార్ నికోబార్‌లో విమానాలు దిగే రన్‌వే కోసం జనాన్ని బలవంతంగా పనిలో పెట్టారు. కొబ్బరి, పందులు, కోళ్లు సైన్యానికి పోయాయి. యుద్ధం చివరి దశలో బ్రిటిష్ నౌకలు దీవి మీద దాడులు చేశాయి. శత్రువుకు ఎవరో సంకేతాలిస్తున్నారని జపాన్ అధికారులు అనుమానించారు. 1945లో నికోబారీలను, అక్కడున్న ఇతర భారతీయులను పట్టుకుని చిత్రహింసలు పెట్టారు. ఎంతోమందిని చంపేశారు. రిచర్డ్‌సన్ కూడా నిందితుడే. జపాన్ లొంగిపోవడంతో ప్రాణం దక్కింది. ఆ తర్వాత ఈ హత్యలపై సింగపూర్‌లో యుద్ధ నేరాల విచారణ జరిగి శిక్షలు పడ్డాయి.

గేమ్ థియరీలో అందరికీ తెలిసిన ఉదాహరణ ఖైదీల సందిగ్ధం. ఇద్దరు నిందితులను వేర్వేరు గదుల్లో ఉంచుతారు. ఇద్దరూ నోరు విప్పకపోతే ఇద్దరికీ చిన్న శిక్ష. ఒకడు రెండోవాడి పేరు చెబితే చెప్పినవాడు బయటపడతాడు. ఇద్దరూ చెబితే ఇద్దరికీ పెద్ద శిక్ష. విడివిడిగా ఆలోచిస్తే చెప్పేయడమే మేలనిపిస్తుంది, చివరికి ఇద్దరూ నష్టపోతారు. 1950లో అమెరికా గణిత శాస్త్రవేత్త ఆల్బర్ట్ టకర్ ఈ కథ అల్లాడు.

కార్ నికోబార్‌లో అంతకు అయిదేళ్ల ముందు జరిగింది కథ కాదు. చేయని నేరం ఒప్పుకోమని, తెలియని పేర్లు చెప్పమని మనుషులను హింసించారు. దాన్ని ఆట అనడం తప్పు. చిత్రహింసల్లో మనిషి తీసుకునేది నిర్ణయం కాదు. లాభనష్టాలు బేరీజు వేసుకునే మనిషిని ఊహించుకునే సిద్ధాంతం ఆ గది గుమ్మం దగ్గర ఆగిపోతుంది. అక్కడ పేర్లు చెప్పినవాళ్ల మీద తీర్పు చెప్పే హక్కు ఏ లెక్కకూ లేదు.

కానీ యుద్ధం తర్వాతి సంగతి మాత్రం ఆలోచించదగ్గది. అంత భయం, అనుమానం చవిచూసిన సమాజం ముక్కలైపోవచ్చు. ఎవరు ఎవరి పేరు చెప్పారన్న లెక్కలు తరాల తరబడి సాగొచ్చు. కార్ నికోబార్ అలా విడిపోలేదు. హింస నుంచి బతికి బయటపడిన పెద్దమనిషి చుట్టూ దీవి కూడింది. కొన్నేళ్లలోనే దీవిలో దాదాపు అందరూ క్రైస్తవం తీసుకున్నారు. దాన్ని మత వ్యాప్తిగానే చూసేవాళ్లు ఉంటారు. తమతోపాటు దెబ్బలు తిని, వెళ్లిపోయే వీలున్నా ఉండిపోయిన మనిషి మాటకు దక్కిన విలువ కూడా అందులో ఉంది. మాటకు బలం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు గేమ్ థియరీ ఇచ్చే జవాబు కూడా ఇదే. ఉత్త మాట చవక. ఆ మాట కోసం ఏం వదులుకున్నావన్నదే ఎదుటివాడు చూస్తాడు.

ఢిల్లీలో కార్ నికోబార్

1950లో రిచర్డ్‌సన్ సహాయ బిషప్ అయ్యారు. రెండేళ్లకు లోక్‌సభలో కూర్చున్నారు. 1951 లెక్కల ప్రకారం నికోబార్ దీవుల జనాభా సుమారు 12 వేలు. కోట్ల మంది దేశంలో 12 వేల మంది అంకెల్లో దాదాపు కనిపించరు. ఓట్ల లెక్కలో వాళ్లతో ఎవరికీ పని లేదు. కాబట్టి వాళ్లకు కావాల్సింది మెజారిటీ కాదు, నియమం.

1956లో అలాంటి నియమం వచ్చింది. అండమాన్ నికోబార్ ఆదిమ తెగల రక్షణ నిబంధన కింద కొన్ని ప్రాంతాలను రిజర్వు చేశారు. అనుమతి పత్రం లేకుండా బయటివాళ్లు అక్కడ అడుగుపెట్టకూడదు. గిరిజనుల భూమి బయటివాళ్ల చేతికి పోకూడదు. లైసెన్సు లేకుండా వ్యాపారం చేయకూడదు. మన్యం ప్రాంతాల్లో భూ బదలాయింపు నిషేధ చట్టం గురించి తెలిసిన తెలుగు పాఠకులకు దీని ఉద్దేశం కొత్త కాదు.

భూమి విషయంలో ఈ కంచె చాలా కాపాడింది. బేరం చెడితే వెనక్కి వెళ్లి నిలబడే నేల ఉండడమే నికోబారీల అసలు వెనకదన్ను. అది చట్టబద్ధమైంది. వ్యాపారం విషయంలో మాత్రం ఇదే కంచెకు రెండో అంచు ఉంది. లైసెన్సులు కొద్దిమందికే ఇస్తే కొనేవాళ్లు తగ్గుతారు. కొనేవాళ్లు తగ్గితే వాళ్ల మధ్య పోటీ తగ్గి ధర వాళ్ల చేతికి పోతుంది. దోపిడీ నుంచి కాపాడడానికి పెట్టిన లైసెన్సే కొందరికి గుత్తాధిపత్యం ఇచ్చే ప్రమాదం ఉంది.

దానికి విరుగుడుగా ఆ తర్వాతి దశాబ్దాల్లో సహకార సంఘాలు వచ్చాయి. ఊరూరి సంఘాలు, వాటి పైన కార్ నికోబార్‌లో ఎల్లాన్ హినెంగో వంటి కేంద్ర సంఘం ఎండుకొబ్బరి కొని, సరుకులు అమ్మే పని చేపట్టాయి. ఇవి ఒక్క మనిషి కట్టినవి కావు. రిచర్డ్‌సన్ తరం బడుల్లో లెక్కలు నేర్చిన మనుషులు, ఊరి పెద్దలు, ప్రభుత్వ సహకార శాఖ అంతా కలిస్తే నడిచినవి.

సహకార సంఘానికి ఉండే రోగం కోనసీమలోనైనా నికోబార్‌లోనైనా ఒకటే. సంఘం వల్ల బయట ధర పెరుగుతుంది. పెరిగాక పక్కదారిన రూపాయి ఎక్కువిచ్చేవాడికి సరుకు అమ్ముకోవాలని ప్రతి సభ్యుడికీ అనిపిస్తుంది. అందరూ అలా చేస్తే సంఘం మూతపడి ధర మళ్లీ పడుతుంది. ఉమ్మడి వనరులను కాపాడుకున్న సమాజాలను ప్రపంచమంతటా పరిశీలించిన ఎలినార్ ఆస్ట్రమ్, 1990లో వెలువరించిన పుస్తకంలో ఇలాంటి కట్లు ఎక్కడ నిలబడతాయో చూపించారు. ఎవరు సభ్యులో స్పష్టంగా ఉన్నచోట, నియమాలు స్థానికులే పెట్టుకున్నచోట, తప్పినవాణ్ని పక్కవాళ్లే కనిపెట్టగలిగిన చోట, శిక్ష చిన్నగా మొదలై పెరిగే చోట నిలబడతాయి. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. తుహెత్ వ్యవస్థ ఆ జాబితాలో చాలావాటికి సరిపోతుంది. దాని మీద నిలబడిన సంఘానికి పునాది ముందే పడి ఉంది.

1966లో అండమాన్ నికోబార్ డయాసిస్ ఏర్పడినప్పుడు రిచర్డ్‌సన్ దాని తొలి బిషప్ అయ్యారు. 1965లో పద్మశ్రీ, 1975లో పద్మభూషణ్ వచ్చాయి. 1978 జూన్‌లో, 94 ఏళ్ల వయసులో, కన్నుమూశారు.

కంచె దాటిన అల

2004 డిసెంబర్ 26న సునామీ కార్ నికోబార్ తీరాన్ని తుడిచిపెట్టింది. తీరం వెంబడి ఉన్న ఊళ్లు, కొబ్బరి తోటలు పోయాయి. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అందాకా జనం బతికింది సాయం మీద, పరిహారం మీద.

ఆ పరిహారం పంచిన తీరులో ఒక పాఠం ఉంది. ప్రభుత్వ పద్ధతుల్లో కుటుంబం అంటే భార్య, భర్త, పిల్లలు. డబ్బు అలా విడివిడి కుటుంబాల పేరిట వచ్చింది. దీవిలో ఆస్తి, పని, భోజనం మాత్రం తుహెత్‌వి. చేతికి సొంత డబ్బు రాగానే ఉమ్మడి పనికి వెళ్లాల్సిన అవసరం తగ్గింది. పెద్దల మాటకు బలం తగ్గింది. ఆ మార్పును దగ్గరగా చూసిన పరిశోధకులు తుహెత్ కట్టు సడలిందని రాశారు. ఇచ్చినవాళ్ల ఉద్దేశం చెడ్డది కాదు. లాభనష్టాల పట్టికలో అంకెలు మారితే మనుషుల నడత మారుతుందని, ఆ పట్టికను మార్చేవాళ్లకు దాని కింద ఏముందో తెలిసి ఉండాలని గుర్తించకపోవడమే అక్కడి లోపం.

ఇప్పుడు నికోబార్ ముందు అంతకంటే పెద్ద బేరం ఉంది. గ్రేట్ నికోబార్‌లో భారీ నౌకాశ్రయం, విమానాశ్రయం, పట్టణం కట్టే ప్రాజెక్టుకు 2022లో పర్యావరణ అనుమతి వచ్చింది. ఆ దీవి గిరిజన మండలి తొలుత ఇచ్చిన అంగీకారాన్ని, తమకు పూర్తి వివరాలు చెప్పలేదంటూ, అదే ఏడాది వెనక్కి తీసుకుంది. ప్రాజెక్టు వల్ల దేశానికి మేలా కాదా అన్నది వేరే చర్చ. అంగీకారం అన్న మాటకు అర్థం ఏమిటన్నది ఇక్కడి చర్చ. ఒకరి దగ్గరే లెక్కల పుస్తకం ఉండి, ఇంకొకరి దగ్గర వేలిముద్ర మాత్రమే ఉన్నప్పుడు కుదిరేదాన్ని ఒప్పందం అనవచ్చా?

1890ల్లో ముస్ ఒడ్డున కాయలు లెక్కపెట్టిన కుటుంబాల ముందున్న ప్రశ్న కూడా ఇదే. రిచర్డ్‌సన్ తరం దానికి మూడు రకాలుగా జవాబు వెతికింది. చదువుతో సమాచారంలో తేడా తగ్గించుకోవడం, ఊళ్ల మధ్య పోటీని దాటి దీవి అంతా ఒక్క గొంతుతో మాట్లాడడం, భూమి చేజారకుండా చట్టం అండ సంపాదించడం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా రెండూ నిలవవు. చదువు ఉండి కట్టు లేకపోతే ఒక్కొక్కరు ఒక్కో ధరకు అమ్ముకుంటారు. కట్టు ఉండి చదువు లేకపోతే అందరూ కలిసి మోసపోతారు. రెండూ ఉండి కాళ్ల కింద నేల లేకపోతే బేరం నుంచి లేచి వెళ్లడానికి చోటే ఉండదు.